మా పెరట్లో పుట్టగొడుగుల షెడ్డు

మహారాజశ్రీ నర్సీపట్నం రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,

నర్సీపట్నం మండలం, కొత్తగరువు గ్రామ కాపురస్తురాలు, సుర్ల తాతబ్బాయి భార్య లోవలక్ష్మి, వయస్సు నలభై మూడు సంవత్సరములు, వ్రాసుకొన్న మనవి.

విషయం: మా ఇంటి పెరట్లో మహిళా సంఘం వారు నడుపుచున్న పుట్టగొడుగుల షెడ్డును వేరొక చోటికి మార్పించుట గురించి, నా ఫోటో గల ఫ్లెక్సీని తీయించుట గురించి, మరియు నా జబ్బు సంగతి నాకే తెలియకుండా దాచిన విషయం తమరి దృష్టికి తెచ్చుట గురించి.

అయ్యా,

1. నేను పై గ్రామమున కాపురమునకు వచ్చిన నాటి నుండి నివాసం ఉంటున్నాను. నా భర్త నాతవరం - నర్సీపట్నం రోడ్డుపై షేర్ ఆటో నడుపుచున్నారు. నాకు చిన్ననాటి నుండి ఆయాసం కలదు. దీనినే డాక్టర్లు ఆస్తమా అందురు. చలికాలంలో వచ్చేది, మందు పీలిస్తే తగ్గేది. ఈ ఆయాసంతోనే ఊడ్పులు ఊడ్చాను, చెరకు గడలు పడిపోకుండా జడచుట్లు వేశాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఈ సంగతి ముందుగానే ఎందుకు మనవి చేస్తున్నానంటే, అవతలి వారు మీ దగ్గర మొదట చెప్పబోయేది ఇదే. "దానికి ఆయాసం పుట్టుకతోనే ఉంది" అంటారు. ఉంది. కాదనను.

2. మా సంఘానికి పైల రోజారమణి అధ్యక్షురాలు. ఆమె, నేను ఒకే ఏడు ఒకే వీధికి కోడళ్లుగా వచ్చాం. వరసకు ఏమీ కాము గానీ మొదటి నుంచీ వదినా అంటే వదినా అని పిలుచుకున్నాం. నా రెండో కాన్పుకు నా భర్త ఊళ్లో లేకపోతే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆమే. ఆమె అత్తగారు మంచాన పడినప్పుడు ఆ ముసలామెకు ఒళ్లు తుడిచింది నేను. ఇలాంటివన్నీ అర్జీలో ఉండకూడదని ఆఫీసు బయట అర్జీలు రాసిపెట్టే మత్స్యలింగం గారు చెప్పారు. మరి ఎక్కడ ఉండాలో ఆయన చెప్పలేదు. అందుచేత ఆయన రాసిచ్చిన పై నాలుగు ముక్కలు ఉంచుకుని మిగతాది నేనే రాసుకుంటున్నాను. పదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే మన్నించగలరు.

3. కరోనా వెళ్లిన మరుసటి ఏడు మా సంఘానికి పుట్టగొడుగుల పని వచ్చింది. నీడ, బోరు నీళ్లు, చీకటి గది ఉన్న చోటు కావాలన్నారు. మా పెరట్లో పశువుల సాల ఖాళీగా ఉంది. ఎవరూ నన్ను బలవంత పెట్టలేదు. నేనే ఇస్తానన్నాను. రోజారమణి ఆ రోజు మా అరుగు మీద కూర్చుని అన్న మాట నాకింకా గుర్తుంది.

"మంచి పని సేసావు వదినా. ఎండన పడి పొలానికి ఎల్లక్కర్లేదు. ఇంటికాడే నీడపట్టున పని. నీ ఆయాసానికి ఇదే నయం."

నా ఆయాసం గురించి ఆలోచించి అన్నదని మురిసిపోయాను. అప్పుడామె నిజంగానే అలా అనుకుని ఉంటుంది. ఇప్పటికీ ఆ రోజు మాటను నేను అనుమానించడం లేదు.

ఆ పని ఎలా ఉంటుందో తమరికి తెలియకపోవచ్చు. వరిగడ్డి ముక్కలు నరికి, నానబెట్టి, ఉడకబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో విత్తనంతో కలిపి కూరాలి. ఆ సంచుల్ని చీకటి గదిలో వేలాడదీస్తే లోపల తెల్లటి బూజు అల్లుకుంటుంది. అది బాగా అల్లుకుంటేనే పుట్టగొడుగు వస్తుంది. గది ఎప్పుడూ చెమ్మగా, మూసి ఉండాలి. కోత ఒక్కపూట ఆలస్యమైతే గొడుగులు విచ్చుకుని వాటి కింద నుంచి తెల్లటి పొడి రాలుతుంది. టార్చి వేస్తే పొగలా కనబడుతుంది. కొన్ని సంచులు చెడిపోయి ఆకుపచ్చ బూజు పడతాయి. వాటిని బయటికి మోసుకెళ్లి పారెయ్యాలి. ఇల్లు పక్కనే కనుక నీళ్లు కొట్టడం, తెల్లారే కొయ్యడం, చెడ్డ సంచులు ఏరడం నా వంతుకు వచ్చాయి. షెడ్డుకూ మా వంటింటికీ మధ్య ఒక్కటే గోడ.

4. మొదటి ఏడు తిరగకుండానే దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండేది. పీల్చే మందుకు లొంగలేదు. నా భర్త ఆటో మానితే ఇల్లు గడవదు కనుక రోజారమణే నన్ను విశాఖపట్నం ఊపిరితిత్తుల డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లింది. ఏం పని చేస్తావని ఆయన అడిగితే పుట్టగొడుగుల షెడ్డు పని అని చెప్పాను. చేతి మీద వరసగా చుక్కలు వేసి సూదితో గుచ్చారు. కొన్ని చోట్ల దద్దుర్లు లేచాయి. తర్వాత ఒక గొట్టం నోట్లో పెట్టి, "గట్టిగా ఊదమ్మా, ఇంకా, ఇంకా" అన్నారు. ఊది ఊది కళ్లు తిరిగాయి. పక్క గదిలో బల్ల మీద పడుకోబెట్టి ముక్కుకు మాస్కు తగిలించి మందు పొగ పెట్టారు.

నేనలా ఉండగా, "ఈవిడతో ఎవరొచ్చారు?" అని లోపలికి పిలిచారు. రోజారమణి వెళ్లింది. చాలాసేపటికి వచ్చింది. నేను మాస్కు తీసి అడిగాను.

"ఏటన్నారు వదినా?"

"దుమ్మట. నీకు దుమ్ము పడదట. రోజూ మానకుండా పఫ్ పీలిస్తే ఏటీ అవదన్నారు. నువ్వేటీ బెంగ పెట్టుకోకు."

అయ్యా, ఆ ఒక్క మాట కోసమే ఇంత అర్జీ. తిరుగు బస్సులో అనకాపల్లి దాటే దాకా ఆమె భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయాను. దుమ్మే కదా అని నిశ్చింతగా నిద్రపోయాను.

5. ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. ఆమె నన్ను వదిలేసి ఉంటే ఇంత బాధ ఉండకపోను. ఆమె నన్ను చాలా బాగా చూసుకుంది. దుమ్ము లేవకూడదని మా వాకిట్లో రోజూ కళ్లాపి తనే చల్లించింది. మా ఇంటి పక్క కళ్లంలో నూర్పిడి పెట్టుకుంటే వాళ్లతో తగవు పడి అవతలి గట్టుకు మార్పించింది. నాకు మెత్తటి నూలు గుడ్డ తెచ్చి మూతికి కట్టుకోమంది. గాలి దుమారం లేచినప్పుడల్లా వీధిలోంచి కేకేసేది:

"బేగి షెడ్డులోకి ఎల్లిపో వదినా! తలుపేసుకో! దుమ్మొస్తంది!"

నేను షెడ్డులోకి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని. దుమ్ము రానిచ్చేదాన్ని కాదు.

 తమరు ఒక్కసారి ఆలోచించగలరు. ఆమెకు తెలిసి, నన్ను ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమంది.

ఆ రెండేళ్లలో బోరు దగ్గర నుంచి బిందె మోసుకురాలేకపోయాను. తర్వాత బిందె లేకుండా కూడా మధ్యలో ఆగాల్సి వచ్చింది. వీధి చివర నుంచి మనవరాలిని కేకేసి పిలిచేదాన్ని, కేక రావడం మానేసింది. చప్పట్లు కొట్టి పిలుస్తున్నాను. మా అత్తగారి తరఫు వాళ్లు పనికి బద్ధకమన్నారు. నేనూ అదే అనుకున్నాను. వయసు మీద పడుతోంది కాబోలనుకున్నాను.

6. గడచిన కార్తీక మాసంలో ఆయాసం ఎక్కువై మాట కూడా రాకపోతే, నా భర్త ఆటో పక్కన పెట్టి అదే డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్లారు. మళ్లీ ఊదించారు. డాక్టరు గారు పాత లెక్కా కొత్త లెక్కా కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూసుకుని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"షెడ్డు పని ఎప్పుడు మానేశారమ్మా?"

"మానలేదండి."

"మానలేదా?"

"నాకు దుమ్ము పడదన్నారు కదండీ. దుమ్ములోకి ఎల్లట్లేదండి. షెడ్డులోనే ఉంటన్నానండి."

 ఆయన నా భర్త వైపు తిరిగి, "దుమ్మని ఎవరు చెప్పారు? నేను చెప్పింది బూజు. బూజు, ఆ గొడుగుల పొడి, రెండూ ఈవిడకు పడవు. ఆ రోజు వీరితో వచ్చినావిడకు అంత వివరంగా చెప్పాను. ఆ గదిలోకి అడుగు పెట్టనివ్వొద్దు, పని వేరేవాళ్లకు అప్పగించండి అన్నాను. ఆవిడ రెండు సార్లు అడిగింది కూడా, 'పూర్తిగా మానెయ్యాలాండి?' అని. పూర్తిగా అన్నాను" అన్నారు.

నేను వివరం అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆస్తమా ఉండి బూజు పడని వాళ్లు ఏళ్ల తరబడి ఆ బూజులోనే మసిలితే, ఊపిరి గొట్టాలు లోపల వాచి వాచి గట్టిపడిపోవచ్చునట. అందరికీ అలా జరుగుతుందని లేదట. నాకు మాత్రం ఊదే బలం బాగా పడిపోయింది, అందులో కొంత మందులతో రావచ్చు, కొంత ఇక రాదు అన్నారు.

"ఆ రోజే మానేసి ఉంటే ఇలా అయ్యేది కాదాండి?" అని నా భర్త అడిగారు.

"అలా తూచి చెప్పలేను. ఎంత జబ్బు వల్ల, ఎంత షెడ్డు వల్ల అని గీత గీయలేం. కానీ మానేసి ఉంటే ఈవిడకు ఇంకో దారి ఉండేది. అది లేకుండా పోయింది" అన్నారు.

బస్టాండులో నా భర్త టీ తెచ్చి ఇచ్చి, తను తాగకుండా నిలబడ్డారు. "రోజాకి తెలుసన్నమాట" అన్నారు. అంతే. అప్పట్నుంచి ఆయన ఆ ఇంటి ముందు నుంచి ఆటో పోనివ్వడం లేదు, చుట్టు తిరిగి వస్తున్నారు.

7. మర్నాడు రోజారమణి మామూలుగానే మా ఇంటికి వచ్చింది. "ఏటన్నారు డాక్టరుగారు?" అంది. నేను గుమ్మంలోంచి లేవలేదు.

"నీకేటి సెప్పారో అదే సెప్పారు" అన్నాను.

ఆమె మొహం చూడగానే నాకు మిగతాది అక్కర్లేకపోయింది. అబద్ధం ఆడుతుందేమోనని ఆశపడ్డాను. కాదు వదినా, నాకలా వినబడింది, పొరబాటు పడ్డాను అంటే నమ్మేసేదాన్ని. ఆమె అలా అనలేదు.

"సెప్తే నువ్వు మానేత్తావు వదినా. నువ్వు మానేత్తే షెడ్డు నీ పెరట్లో ఉండనిత్తావేటి? అప్పుడే లోను తెచ్చీసినాం, సంచులు కట్టీసినాం. పదిమంది ఆడోళ్ల నోటికాడి కూడు. నానేటి సెయ్యాల?"

"నాకు సెప్పాల."

"పఫ్ ఇచ్చారు కదా, సరిపోద్దనుకున్నాను."

"రోజూ సూత్తన్నావు కదే నన్ను. సరిపోయిందేటి?"

 ఆమె చీర కొంగుతో కళ్లు తుడుచుకుంది. వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "దుమ్ము కూడా పడదనే అన్నారు, వదినా" అంది.

8. నేను సంఘం మీటింగులో విషయం పెట్టాను. డాక్టరు గారు అన్నవన్నీ ఉన్నదున్నట్టు చెప్పి, షెడ్డు మార్చండి, మూసెయ్యమనడం లేదు అన్నాను. రోజారమణి అందరి ముందూ, "దానికి ఆయాసం పుట్టుకతోనే ఉంది, డాక్టరు గారే షెడ్డు వల్లని గట్టిగా సెప్పలేదట" అన్నది. డాక్టరు గారు నిజాయితీగా అన్న మాటను ఆమె నా మీదకే తిప్పింది. పెద్దామె సోమలమ్మ గారు, "మీరిద్దరూ ఒక కంచంలో తిన్నోళ్లు. మీ మధ్యలోకి మమ్మల్ని లాగకండే" అన్నారు. మిగిలినవాళ్లు నేల చూపులు చూశారు. వాళ్లలో ఇద్దరికి కొత్తగా దగ్గు వస్తోంది. వాళ్లూ నేల చూపులే చూశారు.

షెడ్డు ఈ స్థలానికే మంజూరైనది కనుక పైవారి ఉత్తర్వు లేనిదే కదపడానికి వీలు లేదని తీర్మానం రాశారు. అందుచేత తమరి దగ్గరకు వచ్చాను.

9. ప్రస్తుతం నేను నా ఇంట్లో లేను. మాకవరపాలెంలో మా ఆడపడుచు అప్పలలక్ష్మి ఇంట్లో ఉంటున్నాను. ఆమె మంచిదే. అయినా ఒకరి పొయ్యి దగ్గర ఎన్నాళ్లని అడిగి వండుకోగలను? ఇంటికి వెళ్లి వంటింట్లో నిలబడితే, గోడ అవతల నుంచి ఆ తడి గడ్డి వాసన వస్తుంది, గొంతు బిగుస్తుంది. నేనిచ్చిన పెరటిని చూసుకోవడానికి నేను వెళ్లలేకున్నాను.

10. ఫ్లెక్సీ గురించి. మండల మహిళా మేళాకు కట్టిన పెద్ద ఫ్లెక్సీలో నా ఫోటో ఉన్నది. మేళా అయిపోయినా దాన్ని తీయలేదు. నర్సీపట్నం వచ్చిన ప్రతిసారీ కనబడుతున్నది. పుట్టగొడుగుల తట్ట పట్టుకుని నేను నవ్వుతున్నట్టు ఉంటుంది. అది నవ్వు కాదని మనవి. ఫోటో తీసేదాకా దగ్గు ఆపుకుంటున్న మొహం అది. నా భుజం మీద ఉన్న చెయ్యి రోజారమణిది. దాన్ని చూసి కొత్త ఊళ్ల వాళ్లు సంఘాలు పెడుతున్నారని తెలిసింది. పెట్టుకోనివ్వండి, మంచి పనే. నన్ను చూసి మాత్రం పెట్టవద్దు.

కావున తమరిని కోరునది ఏమనగా: షెడ్డును ఊరి చివర, ఇళ్లకు దూరంగా, గాలి ఆడే చోటికి మార్పించాలి. సంఘంలో ఎవరి బతుకూ పోకూడదు. ఆ పనిలోకి దిగే ఆడవాళ్లకు ముందు ఒకసారి, తర్వాత ఏటేటా ఊపిరి పరీక్ష చేయించాలి. వాళ్లకు మూతికి కట్టుకునే సరైన మాస్కులు ఇప్పించాలి. ఎవరి జబ్బు సంగతి వాళ్లకే, వాళ్లకు అర్థమయ్యే తెలుగులో, మొహం చూసి చెప్పాలని డాక్టర్లకు తమరు ఒక మాట చెప్పాలి. తోడు వచ్చినవారికి చెప్పి పంపవద్దు. తోడు వచ్చినవారు ఎంత దగ్గరివారైనా సరే.

రోజారమణి మీద కేసు పెట్టమని నేను కోరడం లేదు. ఆమె చేసిన దానికి ఏ సెక్షనూ ఉండదని మత్స్యలింగం గారు చెప్పారు. ఆమె దొంగతనం చెయ్యలేదు, నన్ను కొట్టలేదు. సంఘం కోసమే చేశానంటుంది, అదీ నిజమే కావచ్చు. పదిమంది ఒకవైపు, నేనొక్కదాన్ని ఒకవైపు పెట్టుకుని చూసుకుంది. చూసుకున్నప్పుడు నన్ను కూడా అడిగి ఉండవలసింది. అడిగితే ఏమనేదాన్నో నాకు తెలియదు. షెడ్డు ఉంచుకోండి, లోపలికి వేరేవాళ్లు వెళ్లండి అనే అనేదాన్నేమో. ఆ మాట అనే అవకాశం నాకు ఇవ్వలేదు. దీనికి తమరి దగ్గర పరిష్కారం ఉండదని తెలుసు. అయినా రికార్డులో ఒక చోట ఉండాలని రాస్తున్నాను.

మిగిలిన నా ఊపిరి ఇంకా తరిగిపోకముందే తగు ఉత్తర్వు ఇప్పించ చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
సుర్ల లోవలక్ష్మి
కొత్తగరువు (ప్రస్తుతం మాకవరపాలెం)

మరొక్క మనవి: ఈ అర్జీ గత సోమవారం, తమరు అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో, తమరి చేతికే ఇవ్వాలని వచ్చాను. ఆఫీసు మెట్లు సగం ఎక్కేసరికి ఊపిరి అందక గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. సంచిలో పఫ్ కోసం వెతికితే చెయ్యి ఆడలేదు. ఎవరో నా సంచి తీసుకుని, పఫ్ పైకి తీసి, ఊపి, నా నోటికి పెట్టి, "పీల్సు. మెల్లిగా. ఇంకోటి" అన్నారు. కళ్లెత్తకుండానే ఎవరో తెలిసింది. సంఘాల మీటింగుకు వచ్చిందట. నా జుట్టు సవరించింది. నా చేతిలో ఉన్న ఈ కాగితాలు చూసింది. అవేమిటని అడగలేదు. "పొద్దున్న ఏటైనా తిన్నావా?" అంది. లేదని తలూపాను. వెళ్లి ఇడ్లీ పట్టుకొచ్చింది. పక్కన కూర్చుని పొట్లం విప్పి పెట్టింది. తిన్నాను. తినేసి, అర్జీ ఇవ్వకుండానే మా ఆడపడుచు ఇంటికి వచ్చేశాను.

అందుకనే దీన్ని పోస్టులో పంపుకుంటున్నాను. విచారణకు మా ఇద్దరినీ ఒకే రోజు పిలవవద్దని కాళ్లు పట్టుకుని వేడుకుంటున్నాను. ఆమె ఎదురుగా ఉంటే ఇందులో ఉన్నది ఒక్క ముక్క కూడా నా నోటి నుంచి రాదు.